మెసేజ్ కాదు, మనిషి రావాలి! ఎదురెదురుగా కూర్చుందాం రండి!

సినీ కార్మిక సోదరులారా, సోదరీమణులారా! నిర్మాతలారా, ప్రొడక్షన్ మేనేజర్లారా!

హీరోకి కథ చెప్పాల్సి వస్తే ఏ దర్శకుడూ వాట్సాప్‌లో ఫైలు పడేసి ఊరుకోడు. టైము అడుగుతాడు, ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ నోటితో చెప్తాడు. హీరో ఎక్కడ ముందుకి వంగాడో, ఎక్కడ ఫోను చూసుకున్నాడో కనిపెట్టి ఆ రాత్రే సీను మార్చుకుంటాడు. కోట్ల రూపాయల సినిమా ఇక్కడ మాట మీదే మొదలవుతుంది.

అదే సినిమాకి లైట్లు మోసినవాడి కూలి దగ్గరికి వచ్చేసరికి మాట కరువు. "అన్నా, పేమెంట్?" అని మెసేజ్ పెట్టాలి. నీలం టిక్కులు పడతాయి. రెండ్రోజులకి ఒక దండం బొమ్మ వస్తుంది. ఆ దండానికి అర్థం రేపిస్తామనా, ఇక అడగొద్దనా? ఇంటి ఓనరుకి ఏం చెప్పాలి?

మేనేజర్ల కష్టమూ మాకు తెలుసు. నలభై మంది నుంచి అవే రెండు ముక్కలు వస్తే ఎవరి అవసరం ఎంతో మేనేజరుకెలా తెలుస్తుంది? పిల్ల కాలేజీ ఫీజుకి రేపే గడువన్నవాడి మొహం చూస్తే తెలుస్తుంది. ఫైనాన్స్ ఆగి తానూ ఇరుక్కున్నానని ఆయన చెప్పుకోగలిగేదీ ఎదురుగా ఉన్నవాడితోనే. రాసి పెడితే ఆ స్క్రీన్‌షాట్ ఎన్ని గ్రూపులు తిరుగుతుందోనని భయం.

2025 ఆగస్టును ఎవరం మర్చిపోలేదు. వేతనాలు 30 శాతం పెంచాలని మన సినీ కార్మికుల ఫెడరేషన్ 4వ తేదీ నుంచి షూటింగులు ఆపింది. ఇటు నుంచి లేఖ, అటు నుంచి లేఖ, మధ్యలో ప్రెస్ మీట్లు. కాగితం వచ్చినప్పుడల్లా పంతం పెరిగింది. రోజుకూలీ మీద బతికే కృష్ణానగర్‌లో ఆ పద్దెనిమిది రోజులు ఎలా గడిచాయో వేరే చెప్పాలా? కూర్చున్న చర్చలూ కొన్ని చెడిపోయాయి, నిజమే. అయినా మళ్లీ కూర్చున్నారు. 21న కార్మిక శాఖ సమక్షంలో మాటామాటా కలిశాకే రాజీ కుదిరింది. రోజుకి రెండు వేల లోపు తీసుకునేవాళ్లకి మూడేళ్లలో 22.5 శాతం పెంపు వచ్చింది. 22 నుంచి షూటింగులు మళ్లీ మొదలయ్యాయి.

దర్శకుడు దాసరి నారాయణరావు గారు ఉన్నన్నాళ్లూ తగువు వస్తే జనం ఆయన ఇంటికే నడిచేవారు. పెద్ద నిర్మాతయినా, చిన్న కార్మికుడైనా ఆయన ముందు కూర్చుని చెప్పుకోవాల్సిందే. 2017 మేలో ఆయన పోయారు. అలాంటి పెద్దదిక్కు మళ్లీ దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం, ఆ తలుపుని మనమే తెరవాలి.

రాత వద్దని మేం అనడం లేదు. కాల్షీటు, బేటా, బాకీ లెక్క అన్నీ రాసుకోవాల్సిందే. కాకపోతే ముందు మాట్లాడుకోవాలి, ఆ తర్వాత ఇద్దరి ముందూ రాసుకుని సంతకాలు పెట్టాలి.

నిర్మాతలకి మా విన్నపం: ఆఫీసులో వారానికి ఒక సాయంత్రం బాకీల కోసమే కేటాయించండి. ఆ వేళకి జవాబు చెప్పగల మనిషిని కూర్చోబెట్టండి. డబ్బు లేని వారమైనా తలుపు మూయొద్దు.

కార్మిక మిత్రులారా! బాకీ ఉంటే గ్రూపులో తిట్టుకోవద్దు. మీ క్రాఫ్ట్ నుంచి ఇద్దరు కలిసి, పని చేసిన తేదీలు రాసుకున్న చీటీ, యూనియన్ కార్డు పట్టుకుని ఈ వారమే ఆఫీసుకి వెళ్లండి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఒంటరిగా అడగడానికి జంకుతారు, వాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్లండి.

— కృష్ణానగర్, ఫిల్మ్ నగర్ సినీ కార్మికులు