మన వంశవృక్షం ఒక్క గడిలో పట్టదు

2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం జాతి వివరాల సేకరణ ప్రమాణాలను సవరించి, ఫారాల్లో ‘ఏషియన్’ కింద ‘ఏషియన్ ఇండియన్’ గడి సాధారణంగా ఉండాలంది. జనాభా లెక్కకు అది చాలుతుందేమో, జబ్బుల లెక్కకు చాలదు. వంశాల్లో రోగం ఎలా దిగివస్తుందో చెప్పే గణాంక సూత్రాల్లో చాలావాటికి దంపతుల మధ్య చుట్టరికం లేదన్న ఊహే పునాది. మన తెలుగు ఇళ్లలో అది నిజమా? నూటికి ఒక్క ప్రతి చొప్పున ఉన్న లోపపు జన్యువును తీసుకోండి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తేనే జబ్బు. చుట్టరికం లేనిచోట పదివేల కాన్పుల్లో అది ఒక బిడ్డకు వస్తుంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిళ్లలో సుమారు 7 మందికి, అక్క కూతుర్ని చేసుకున్నచోట సుమారు 13 మందికి వస్తుంది.

‘మేనరికాలు మానేశాం కదా’ అంటారు. తరతరాలుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకున్న పెళ్లిళ్లు మాత్రం మానలేదు. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన అధ్యయనం 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచే జనం పెరిగిన ఆనవాళ్లు వాటిలో 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాసులకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా కనిపించాయి. ఉదాహరణకు, మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలడానికిచ్చే మందు త్వరగా విరగదు, ఊపిరి తిరిగి అందుకోవడం ఆలస్యమవుతుంది. ‘ఏషియన్ ఇండియన్’ అన్న టిక్కు చూసి మత్తు డాక్టరు ఏం తెలుసుకోవాలి?

తెలియక జరుగుతున్నదని ఇక సరిపెట్టుకోలేం. 1971లో బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల యూదుల్లో టే-శాక్స్ అనే జన్యు జబ్బుకు పరీక్షలు మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తర అమెరికా యూదుల్లో ఆ జబ్బుతో పుట్టే బిడ్డలు 90 శాతానికి పైగా తగ్గారు. ఈ అమెరికాలోనే, ఈ గణితంతోనే. ఆ గణితంలో మనవాళ్ల కష్టం లేదా? గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1948లో ఇచ్చిన స్కోర్ పరీక్ష అనే పద్ధతిని జన్యు పరిశోధకులు నేటికీ వాడుతున్నారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో దబీరు సి. రావు కుటుంబ వ్యాధుల గణాంకాలకే దశాబ్దాలు ధారపోశారు. అయినా మానవ జన్యు వైవిధ్యాన్ని నమోదు చేసిన ‘1000 జీనోమ్స్’ పథకం హ్యూస్టన్‌లో గుజరాతీల నమూనాలు తీసుకుంది, తెలుగువారి నమూనాల కోసం బ్రిటన్ వెళ్లింది!

ఆసుపత్రి ఫారాల్లో వంశ వివరాలు చేరిస్తే కులం గుచ్చి అడుగుతారన్న భయం అనవసరం. తల్లిదండ్రుల చుట్టరికం, ఇంటి భాష, ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మల ఊళ్లు అడిగితే చాలా తెలుస్తుంది. వర్గం పేరు చెప్పడం, చెప్పకపోవడం రోగి ఇష్టం. జన్యు వివరాలు చూసి బీమా నిరాకరిస్తారన్న భయం మాత్రం న్యాయమైనదే. 2008 నాటి జన్యు వివక్ష నిషేధ చట్టం ఆరోగ్య బీమాకూ ఉద్యోగాలకూ వర్తిస్తుంది, జీవిత బీమాకు వర్తించదు. ఆ కంత పూడ్చమని మీ కాంగ్రెస్ సభ్యుడికి ఈ వారమే రాయండి. మహాసభల్లో వధూవరుల పరిచయ వేదికలకు హాళ్లు ఇస్తున్న తెలుగు సంఘాలు ఆ పక్క గదిలోనే, పేర్లు బయటపడకుండా, జన్యు పరీక్షలూ సలహాలూ అందించాలి.