మోసపోయినవారిదేనా తప్పంతా?

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,

విషయం: ఆన్‌లైన్ మోసాల్లో నష్టం ఎవరు భరించాలి?

ఖాతాలో డబ్బు పోయిందని బ్యాంకుకు పరుగెత్తిన మనిషికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ‘ఓటీపీ ఎవరికైనా చెప్పారా?’ అవునంటే చాలాచోట్ల మాట అక్కడితో సరి. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఆ ఖాతా ఎలా తెరిచారు అన్నవి వెనక్కి పోతాయి.

ఓటీపీ, పిన్ గుట్టుగా ఉంచుకోవడం ఖాతాదారు బాధ్యతే. అందులో రెండో మాట లేదు. అయితే జాగ్రత్త చెప్పడం నష్టాన్ని ఆపడానికి. నష్టం జరిగాక అదే జాగ్రత్తను సాకుగా చూపితే మిగతావారి బాధ్యత మాసిపోతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ లోపం ఎవరిదన్న తేడాను పాటించింది. బ్యాంకు లోపం వల్ల పోయిన డబ్బుకు ఖాతాదారు బాధ్యుడు కాడు. లోపం ఇద్దరిదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోగా తెలిపినవారికి నష్టమేమీ ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలు పడితే ఖాతా రకాన్ని బట్టి నష్టానికి 5,000 నుంచి 25,000 రూపాయల వరకు పరిమితి ఉంది. ఖాతాదారే వివరాలు చెప్పేసినా, ఫిర్యాదు చేశాక పోయే సొమ్ముకు బాధ్యత బ్యాంకుదే. అన్నిటికన్నా ముఖ్యమైనది, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సింది బ్యాంకు. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఇది తిరగబడి, తన తప్పు లేదని ఖాతాదారే నిరూపించుకోవాల్సి వస్తోంది.

‘డిజిటల్ అరెస్టు’ బాధితుల గతి ఇంకా అన్యాయం. పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయని ఫోన్ వస్తుంది. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక స్టేషన్‌లా అమర్చిన గది. కాల్ కట్ చేయొద్దని, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని గంటల తరబడి బెదిరించి, ‘వెరిఫికేషన్’ పేరుతో డబ్బు పంపించుకుంటారు. మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. కానీ సొమ్ము పంపింది బాధితులే కాబట్టి, అనుమతి లేని లావాదేవీల కోసం రాసిన 2017 సర్క్యులర్ వారికి అక్కరకు రాదు.

‘చదువుకుని కూడా ఎలా నమ్మారు?’ అనే మాటతో మరో నష్టం ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బును దారిలో ఆపే వీలుంటుంది. నలుగురిలో నవ్వులపాలవుతామని దాచుకున్న ప్రతి గంటా మోసగాడికే కలిసొస్తుంది.

కమీషన్‌కు అద్దెకిచ్చిన ‘మ్యూల్’ ఖాతాల గుండా ఆ డబ్బు చేతులు మారుతుంది. వాటిని కేవైసీ చేసి తెరిచింది బ్యాంకులే. పెన్షన్ తప్ప మరేదీ జమకాని ఖాతా నుంచి, ఎన్నడూ లావాదేవీ లేని ఖాతాకు ఒక్కసారిగా లక్షలు వెళ్లడం బ్యాంకు కంప్యూటర్‌కు కనిపిస్తుంది. భయపడి వణుకుతున్న మనిషికి కనిపించదు.

బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తామే డబ్బు పంపినవారికి కూడా బ్యాంకులు 85,000 పౌండ్ల వరకు తిరిగి చెల్లించాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోస్తాయి. మరీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే చెల్లింపు నిరాకరించవచ్చు. అంటే అక్కడ ఖాతాదారు జాగ్రత్తకూ విలువుంది, బ్యాంకు జవాబుదారీకీ విలువుంది.

రిజర్వు బ్యాంకు నుంచి ఖాతాదారులు కోరేవి మూడు. రుజువు భారం బ్యాంకుదేనని ప్రతి శాఖా ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా తెలపాలి. మ్యూల్ ఖాతా తెరిచిన బ్యాంకు నష్టంలో వాటా భరించాలి. బెదిరించి పంపించుకున్న సొమ్ముకూ రక్షణ వర్తించాలి.

ఇట్లు,
ఒక ఖాతాదారు