వెళ్ళొస్తాను – ఇత్తెకిమస్

జపాన్ వచ్చిన మొదటి మూడేళ్ళూ నేను ఇక్కడి భాష జోలికి పోలేదు. ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయేది. బజారులో వేలితో చూపిస్తే సరిపోయేది. "రెండేళ్ళలో వెళ్ళిపోయే వాళ్ళకి ఇదంతా ఎందుకండీ?" అనేవాణ్ణి. మనలో చాలామంది అనే మాటే ఇది.

ఒకసారి నేను ఒసాకాలో పనిమీద ఉండగా మా ఆవిడకు జ్వరం వచ్చింది. రెండో క్లాసు చదివే మా అబ్బాయి బడి మానేసి వాళ్ళమ్మతో క్లినిక్కుకు వెళ్ళాడు. డాక్టరుగారు అడిగినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు? పొద్దున ఏం తిన్నారు? మందేమైనా వేసుకున్నారా? జవాబులు తల్లికి తెలుసు, భాష పిల్లవాడికి తెలుసు. రాత్రి వేసుకున్న మాత్ర సంగతి వాడు చెప్పడం మరచిపోయాడు. అదృష్టవశాత్తూ ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఏడేళ్ళవాడి నెత్తిన ఆ భారం పెట్టింది మేమే.

ఆ నెలలోనే ఇద్దరం మా వార్డులో వలంటీర్లు నడిపే ఆదివారం తరగతిలో చేరాం. అక్కడ మొదట్లోనే నేర్పేది దినచర్య. "మైనిచి రొకుజి ని ఒకిమస్." మైనిచి అంటే రోజూ, రొకుజి ని అంటే ఆరింటికి, ఒకిమస్ అంటే లేస్తాను. వరస ఎక్కడా మారలేదు చూడండి! ఇంగ్లీషు మీదుగా వస్తే ఈ వాక్యాన్ని తలకిందులు చేయాలి. "బసు దె ఇకిమస్" అంటే బస్సులో వెళ్తాను. "ఉచి దె తబెమస్" అంటే ఇంట్లో తింటాను. రెండు చోట్లా మన 'లో'కి వాళ్ళ 'దె'. రోజూ లేస్తానన్నా, రేపు లేస్తానన్నా మనకు మాట ఒకటే, వాళ్ళకూ అంతే. పైగా నేనైనా, నువ్వైనా, వాళ్ళైనా క్రియ మారదు. మనకంటే సులువు.

అన్నీ కలుస్తాయని కాదు. మాత్ర వేసుకున్నా వాళ్ళు "కుసురి ఒ నొమిమస్" అంటారు, అంటే 'మందు తాగుతాను' అని. మన ఊళ్ళో ఆ మాటకు అర్థమే వేరు! తరగతిలో మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక జన్మలో ఆ మాట మరచిపోదు.

కాంజీ అక్షరాలు కష్టమే, మర్యాద మాటలు ఇంకా కష్టం. వాటికోసం ఆగనక్కరలేదు. లేవడం, తినడం, వెళ్ళడం, పడుకోవడం వంటి ఇరవై క్రియలూ గడియారం అంకెలూ వస్తే క్లినిక్కులోనూ, బడిలోనూ మన సంగతి మనమే చెప్పుకోవచ్చు. ముఖ్యంగా భర్త ఉద్యోగం కోసం వచ్చిన మన అక్కచెల్లెళ్ళకు ఇది మరీ అవసరం. పగలంతా ఈ ఊరితో వ్యవహారం వాళ్ళదే కదా. కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఈ నాలుగు ముక్కలూ తెలుగులోనే నేర్పే పని మన సంఘం ఎందుకు చేపట్టకూడదు? పండుగ భోజనాల ఏర్పాటుకు పడే శ్రమలో పదోవంతు చాలు.

గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలని మన పెద్దలు నేర్పారు. ఇక్కడివాళ్ళు "ఇత్తెకిమస్" అంటారు. అర్థం అదే, వెళ్ళి వస్తానని. ఇంట్లోవాళ్ళు "ఇత్తెరష్షై", వెళ్ళి రమ్మని సాగనంపుతారు. మూడేళ్ళు ఎదురింటి పెద్దావిడకు తల ఊపి ఊరుకున్నాను. ఇప్పుడు రోజూ ఆవిడ నన్ను "ఇత్తెరష్షై" అని సాగనంపుతుంది.

మొన్న మళ్ళీ క్లినిక్కుకు వెళ్ళాల్సి వచ్చింది. మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. మావాడు బడికి వెళ్ళాడు.