కలిపింది చాలు, ఇక కార్డు తియ్యి!

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే మా హాస్టల్లో రెండు వస్తువులకి గిరాకీ పెరుగుతుంది. ఒకటి ఇస్త్రీ పెట్టె, రెండోది టారో కార్డులు. మూడో ఫ్లోర్‌లో ఫైనల్ ఇయర్ అక్క ఒకావిడ దగ్గర ఒక సెట్ ఉంది. రాత్రి మెస్ అయ్యాక ఆవిడ గది ముందు చెప్పులు బారులు తీరతాయి. వెళ్ళిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "అక్కా, ఇంకొంచెం కలపనా?" ఆవిడ చెప్పేదీ ఒకటే: "నీకు చాలనిపించేదాకా కలుపు."

ఈ 'చాలనిపించడం' దగ్గరే నాకు పేచీ.

ముందే చెప్పేస్తున్నా, టారో భవిష్యత్తు చెప్తుందని నేను నమ్మను. 78 కార్డుల ఈ సెట్ 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది, అదీ ఆట కోసం. మన రమ్మీ లాగే పందేలు కాసుకునే ఆట అన్నమాట. దాంతో జోస్యం చెప్పడం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. ఇవాళ మనకి ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసినవి. నమ్మకం సంగతి పక్కన పెడదాం. "ఎప్పుడు ఆపాలి?" అన్న ప్రశ్న మాత్రం నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ సమానంగా ముఖ్యమైనదే అంటాను.

టారో చూసేవాళ్ళ దగ్గర దీనికి రకరకాల జవాబులున్నాయి. కొందరు ఏడుసార్లని లెక్క పెట్టుకుంటారు. కొందరు ఎడం చేత్తో మూడు కుప్పలు చేసి మళ్ళీ పేరుస్తారు. కలుపుతుండగా ఒక కార్డు ఎగిరి కింద పడితే అదే జవాబంటారు ఇంకొందరు. ఎక్కువమంది మాత్రం మా అక్క చెప్పిందే చెప్తారు: మనసు ఆపమన్నప్పుడు ఆపాలట.

ఇప్పుడు మన సబ్జెక్ట్‌కొద్దాం. పేక ఎప్పుడు సరిగ్గా కలిసినట్టు అన్నది గణితంలో నిజంగానే పెద్ద ప్రశ్న. దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసినాయన పెర్సీ డయాకోనిస్. పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి ఒక ఇంద్రజాలికుడి వెంట ఊళ్ళు తిరిగి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1992లో డేవ్ బేయర్‌తో కలిసి ఆయన తేల్చిన లెక్క చాలామంది వినే ఉంటారు. పేకని రెండు సగాలు చేసి, బొటనవేళ్ళతో టపటపా వదులుతూ ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో 52 ముక్కలకి ఏడుసార్లు కలపాలి. పూర్తిగా కలిసిన పేకకీ మన చేతిలో ఉన్నదానికీ తేడాని 0 నుంచి 1 దాకా కొలిస్తే, నాలుగుసార్లు కలిపాక కూడా ఆ తేడా దాదాపు 1 దగ్గరే ఉంటుంది. ఐదుకి 0.92, ఆరుకి 0.61, ఏడుకి 0.33. అక్కణ్ణుంచి కలిపిన ప్రతిసారీ సుమారుగా సగం అవుతూ పోతుంది. టారోలో 78 కార్డులు కాబట్టి ఇంకోసారి కలుపుకుంటే సరిపోతుంది.

అయితే టారో కార్డులు పెద్దవి, వంగుతాయని భయం. అందుకని అందరూ చేతిలో పట్టుకుని కొన్ని కొన్ని కార్డులు జారవిడుస్తూ కలుపుతారు. అలా కలిపితే పక్కపక్కనున్న కార్డులు పక్కపక్కనే ఉండిపోతాయి. బాగా కలవాలంటే లెక్క వేలసార్లలోకి వెళ్తుంది. "ఈ కార్డు నన్ను వెంటాడుతోందే, వారంలో మూడుసార్లు వచ్చింది!" అని మా వింగ్‌లో ఒకమ్మాయి తెగ హైరానా పడింది. వెంటాడుతున్నది విధి అని ఆ పిల్ల అనుకుంటోంది. నిన్న పైన పెట్టిన కార్డులు ఇవాళ సరిగ్గా కలవలేదేమో అని నా అనుమానం. నేలమీద దుప్పటి పరిచి, కార్డులన్నీ బోర్లించి రెండు చేతులతో కలగాపులగం చేస్తే ఇంతకన్నా చాలా బాగా కలుస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1986లో డేవిడ్ ఆల్డస్, డయాకోనిస్ రాసిన ఇంకో పద్ధతి. పైకార్డు తీసి పేకలో ఎక్కడో ఒకచోట దూర్చాలి. మళ్ళీ పైది తీసి మళ్ళీ ఎక్కడో దూర్చాలి. మొదట్లో అట్టడుగున ఉన్న కార్డుని గుర్తుపెట్టుకోవాలి. దాని కింద ఒక్కో కార్డు చేరుతున్నకొద్దీ అది మెల్లగా పైకి జరుగుతుంది. అది పైకొచ్చిన తర్వాత దాన్ని కూడా ఎక్కడో ఒకచోట దూర్చేస్తే అయిపోయింది, ఆపెయ్యొచ్చు. ఆ క్షణానికి పేక పూర్తిగా కలిసిపోయినట్టే, ఉజ్జాయింపుగా కాదు, కచ్చితంగా! 78 కార్డులకి సగటున 385 సార్లు పడుతుంది. ఓపికుండాలి మరి.

ఇందులో గమనించాల్సిందేంటంటే, ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టి ఉంది. ఆపే గుర్తుకీ, పైన రాబోయే కార్డుకీ సంబంధం లేదు. మనకి నచ్చిన కార్డొచ్చిందా లేదా అని ఆ రూల్ చూడదు. అందుకే అది నిజాయితీ అయిన రూల్.

'చాలనిపించడం'లో లేనిది ఇదే. కార్డులు బోర్లా ఉన్నంతసేపూ మనసు ఎప్పుడు ఆపమన్నా నష్టం లేదు. గొడవంతా తిప్పి చూశాక మొదలవుతుంది. టవర్ కార్డొచ్చిందనుకోండి, "అయ్యో, సరిగ్గా కలపలేదక్కా, ఇంకోసారి" అంటాం. సన్ కార్డొస్తే ఎవరైనా "సరిగ్గా కలపలేదు" అంటారా? 78లో మనకి నచ్చేవి 26 అనుకుందాం, అంటే మూడో వంతు. ఒక్కసారి తీస్తే నచ్చింది వచ్చే అవకాశం 33 శాతం. బాగా కలుపుతూ మూడుసార్లు తీస్తే కనీసం ఒక్కటైనా నచ్చింది వచ్చే అవకాశం 70 శాతం. ఐదుసార్లు తీస్తే 87. అప్పుడు జవాబు చెప్తున్నది కార్డా, మన మొండితనమా?

ఇది టారోతో ఆగితే నేను ఈ వ్యాసం రాసేదాన్నే కాదు. జోస్యాన్ని చూసి నవ్వే మనవాళ్ళే ల్యాబ్‌లో ఏం చేస్తున్నారో చూడండి. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్ట్‌లో రాండమ్ సీడ్ 42తో యాక్యురసీ 84 వచ్చింది. సీడ్ 7 పెట్టారు, 86. సీడ్ 101 పెట్టారు, 91! రిపోర్ట్‌లో 91 వేసి బైండింగ్‌కిచ్చేశారు. ఫిజిక్స్ ల్యాబ్‌లో స్టాండర్డ్ వాల్యూ వచ్చేదాకా రీడింగులు తీసి, రాగానే ఆపెయ్యడం కూడా ఇదే. నచ్చిన కార్డొచ్చేదాకా కలపడానికీ దీనికీ తేడా చెప్పండి చూద్దాం. కార్డుల ముందు కూర్చున్న పిల్ల తనని తానొక్కతే మోసం చేసుకుంటోంది. మనం గైడ్‌నీ, రేపు ఆ మోడల్‌ని నమ్మేవాళ్ళనీ కూడా కలిపి మోసం చేస్తున్నాం.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో దేవుడి దగ్గర పూలు అడుగుతారు. తెల్లపువ్వొక పొట్లంలో, ఎర్రపువ్వొక పొట్లంలో కట్టి, చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. ఏ పువ్వొస్తే ఏ జవాబో ముందే అనుకుంటారు. రెండోసారి తీయనివ్వరు. ఎందుకని అడిగితే అమ్మమ్మ అంది: "ఒకసారి అడిగితే ప్రశ్నే, రెండోసారి అడిగితే బేరం." ఎక్స్‌పెరిమెంట్ డిజైన్ గురించి నేను విన్న మంచి మాటల్లో ఇదొకటి.

ఒక వాదన ఉంది, దాన్నీ ఒప్పుకోవాలి. "కార్డు చూడగానే నాకు బాధేసింది కదా, అంటే నా మనసులో ఏముందో తెలిసింది. అందుకే ఇంకోసారి కలుపుతున్నా" అంటారు కొందరు. మొదటి సగం నిజమే. కంపెనీ ఆఫరా, గేట్‌కి ప్రిపేర్ అవడమా అని వెళ్ళిన పిల్లకి 'ఆఫర్ తీసుకో' అన్నట్టు కార్డొస్తే మొహం వాడిపోయిందనుకోండి, ఆ మొహమే జవాబు. కానీ అలాంటప్పుడు కార్డుల పని అయిపోయినట్టే కదా? జవాబు దొరికాక ఇంకా కలపడం దేనికి? మిగిలింది ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, నేను గేట్ రాస్తా" అని చెప్పడమే. ఆ ఫోన్ చెయ్యడానికి భయమేసి కార్డులు కలుపుతూ కూర్చుంటే ఏడుసార్లైనా, 385 సార్లైనా ధైర్యం రాదు.

కాబట్టి మూడో ఫ్లోర్‌కి వెళ్ళేవాళ్ళకి నా సలహా చిన్నదే. ఎలా కలపాలో, ఎన్నిసార్లు కలపాలో కూర్చునేముందే అనుకోండి. ఏడైనా సరే, పదైనా సరే, అక్క "ఊఁ" అన్నప్పుడైనా సరే. కార్డు తిప్పాక మళ్ళీ కలపొద్దు. వచ్చింది నచ్చకపోతే నచ్చలేదని పైకే చెప్పండి, లేచి రండి. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళకీ అదే మాట: సీడ్ ముందే రాసుకోండి, లేదా తిప్పిన సీడులన్నిటి ఫలితాలూ రిపోర్ట్‌లో పెట్టండి. 91 పక్కన 84 కూడా కనిపించనివ్వండి. మార్కులు కాస్త తగ్గితే తగ్గనీ, ఆ నంబర్ మాత్రం మీదే అవుతుంది.