కంటి ఆపరేషన్‌కి ముందు ఇల్లాలి సన్నాహం

ఆవకాయ పెట్టాలంటే నెల ముందునుంచే జాడీలు కడిగి ఎండబెట్టుకుంటాం. ఆడపడుచు సీమంతానికీ, పిల్లల పరీక్షలకీ, పండక్కొచ్చే చుట్టాలకీ, అన్నిటికీ మన దగ్గర ఒక లిస్టుంటుంది. అదే మన కంటికి ఆపరేషనంటే మాత్రం "అదెంతసేపు, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేయడమేగా" అంటారు ఇంట్లోవాళ్ళు. నిజమే, వెళ్ళిరావడం అంతే. కానీ ఆ తరవాత పది రోజులు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? ఆ సంగతి ఆసుపత్రిలో ఇచ్చే కాగితంలో ఉండదు. పోయిన మాఘమాసంలో నా కుడికంటికి శుక్లం తీశారు. షుగరున్నవాళ్ళకి శుక్లాలు తొందరగా వచ్చే అవకాశముందట, అందుకే నాకు నలభై ఏడేళ్ళకే వచ్చింది. ఆ అనుభవంతో తోటి ఇల్లాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

శుక్లాన్ని మనం 'పొర' అంటాం గానీ అది కంటి మీద పెరిగే పొర కాదండీ. కంటి లోపలుండే లెన్సే మబ్బు పట్టినట్టయిపోతుంది. ఏ చుక్కలమందుకీ, ఏ పసరుకీ అది కరగదు. పాతరోజుల్లో ఆ లెన్సు తీసేసి, సోడాబుడ్డి అద్దాల కళ్ళజోడు ఇచ్చేవారు. మన అమ్మమ్మల కళ్ళు ఆ అద్దాల వెనక ఇంతింత కనబడేవి, గుర్తుందా? కంట్లోనే కృత్రిమ లెన్సు పెట్టడం 1949లో లండన్‌లో రిడ్లీ అనే డాక్టరుగారు మొదలుపెట్టారు. ఇప్పుడైతే రెండుమూడు మిల్లీమీటర్ల గాటులోంచి మబ్బు లెన్సుని ముక్కలుచేసి లాగేసి, మడతపెట్టిన కొత్త లెన్సుని లోపలికి పంపిస్తారు. చాలామందికి కుట్లు కూడా అక్కర్లేదు.

"పొర బాగా ముదిరాక చేయించుకోవాలి" అనే మాట ఇంకా మన ఇళ్ళల్లో వినబడుతూనే ఉంది. అది పాత పద్ధతి నాటి మాట. పనులకి అడ్డంపడేంతగా చూపు తగ్గిందంటే డాక్టరు సలహాతో చేయించుకోవడమే. మా పెద్దమ్మ "మనవరాలి పెళ్ళవనీ, పురుడవనీ" అంటూ మూడేళ్ళు నెట్టుకొచ్చింది. ఒకరాత్రి కన్ను ఎర్రబడి, తలపోటు, వాంతులు. శుక్లం ఉబ్బిపోయి కంట్లో ఒత్తిడి పెరిగిందన్నారు. ఆపరేషను చేసినా ఆ కంటికి వెలుగు తప్ప మనిషి ఆనవాలు తెలియదు. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ ఏ ఇంట్లోనూ ఆగవు. మన కన్ను మాత్రం వాటికోసం ఆగదు.

ఇక సన్నాహం. మొదట డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. బీపీ, షుగరు, ఆస్తమా, గుండెకి రక్తం పలచబడే మందు, ఏదైనా సరే. "ఆపరేషను కదా" అని రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుని అడగండి. మీ ఇంట్లో మగవాళ్ళకి ఆపరేషనైతే, ప్రోస్టేటు మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పించండి. వాటిలో కొన్నిటివల్ల కంటిపాప సరిగ్గా విచ్చుకోదు. ఏ ఇంజెక్షనైనా పడదనుకుంటే అదీ చెప్పాలి. కంటికురుపు, జలుబు, దగ్గు, కాలికి మానని పుండు ఉన్నా దాచొద్దు. అవి తగ్గాకే చేస్తామంటారు, అది మన మంచికే. కన్నీటిదారి మూసుకుపోయిందేమో కూడా చూస్తారు.

లెన్సు సంగతి వచ్చేసరికి "నాకెందుకండీ ఖరీదైంది, చౌకది చాలు" అనేస్తాం మనం. చౌకా ఖరీదూ పక్కనపెట్టి, మీరు రోజూ చేసే పని చెప్పి అడగండి. దూరానికి సరిపెట్టిన మామూలు లెన్సుతో వీధి చివరి బస్సు కనబడుతుంది గానీ, బియ్యంలో రాయి ఏరడానికీ సూదిలో దారానికీ జోడు కావాలి. దగ్గరా దూరం రెండిటికీ పనికొచ్చే లెన్సుంది. కానీ కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. ఖరీదెక్కువైతే చూపెక్కువని కాదన్నమాట. స్తోమత లేనివారు దిగులుపడనక్కర్లేదు. అంధత్వ నివారణకి 1976లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు.

ఆపరేషనుకి రెండురోజుల ముందు ఇల్లు సర్దుకోవాలి. కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు గుజ్జు చేసి పెట్టుకోండి. పోపు ఘాటూ, పొగా కొన్నాళ్ళు మీకు పనికిరావు. బియ్యం, పప్పు డబ్బాలు అటకమీంచీ, బల్లకిందనుంచీ తీసి, చేతికందే ఎత్తులో పెట్టండి. నీళ్ళ బిందె ఎత్తడం, వంగి ముగ్గు పెట్టడం ఎవరికి అప్పగిస్తారో ముందే చెప్పేయండి. మా ఇంట్లో ముగ్గు మావారు పెట్టారు. నాలుగు గీతలే అనుకోండి, వాకిలి బోసిపోలేదుగా!

ముందురోజు తలంటుకోండి. తరవాత డాక్టరు ఒప్పుకునేదాకా తలస్నానం ఉండదు. కాటుక, పౌడరు, గోళ్ళరంగు వద్దు. ముందు గుండీలుండే బట్టలైతే తలమీంచి లాగే పని ఉండదు. నగలు ఇంట్లోనే ఉంచండి. మంగళసూత్రం గురించి చాలామంది లోలోపలే బాధపడతారు. నేను నోరు తెరిచి నర్సమ్మని అడిగాను. గొలుసు తీసి పసుపుతాడు కట్టుకురమ్మంది. అడిగితే పోయేదేముంది? ఆరోజు తినాలా మానాలా, షుగరు మాత్ర వేసుకోవాలా అన్నది కూడా అడిగి రాసుకోండి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే కళ్ళు తిరిగి పడిపోతాం.

లోపల మెలకువగానే ఉంటాం. చుక్కలతోనో, ఇంజెక్షనుతోనో కంటికి మత్తిస్తారు. మొహంమీద గుడ్డ కప్పుతారు, వెలుగు కనబడుతుంది, నీళ్ళు పోసినట్టుంటుంది. నొప్పి ఉండదు. దగ్గొచ్చినా, ఊపిరాడనట్టున్నా తల కదపకుండా ముందు నోటితో చెప్పాలి. మామూలుగా పావుగంట, అరగంటలో అయిపోతుంది.

ఇంటికొచ్చాక అసలు కాపలా మనదే. చుక్కల మందుల వేళలు కాలెండరు మీద రాసి టిక్కు పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, కిందిరెప్ప లాగి, సీసా మూతి తగలకుండా వేయాలి. ఒక మందుకీ ఇంకోదానికీ అయిదు నిమిషాలైనా ఎడం ఉండాలి. కన్ను నలపకూడదు, నీళ్ళు పడకూడదు, రాత్రి కంటికి కప్పు పెట్టుకునే పడుకోవాలి. వంకాయ, గోంగూర తినకూడదని పక్కింటి పిన్నిగార్లు పథ్యాలు చెబుతారు. మా డాక్టరమ్మ నవ్వి, "షుగరు పెరగకుండా అన్నీ తినండి, మలబద్ధకం రానివ్వకండి" అంది.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. నొప్పి ఎక్కువైనా, ఎరుపు పెరిగినా, చీము కారినా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. "అర్ధరాత్రి ఆయన్నేం లేపుతాంలే" అనుకోవద్దు, లేపండి. ఆసుపత్రి ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ కనబడేలా ఫ్రిజ్ తలుపుకి ముందురోజే అతికించండి.