తేలికతనమే బలమా?

దేహము తేలికయైనచో పరుగు వేగమగునని తలంచి, పందెములకు ముందు రాత్రి భోజనము మానుకొను బాలబాలికలు మనలో కలరు. ఇది పొరపాటని మా దృఢాభిప్రాయము.

త్రాసు బరువును చూపునే గాని, అందు కండ యెంతయో, క్రొవ్వెంతయో, ఎముక యెంతయో చూపజాలదు. ఎముకల సారములో సుమారు 90 శాతము 20 ఏండ్లలోపలనే చేకూరును. ఆ వయస్సున చాలినంత తినక శ్రమపడినచో ఎముకల పెంపు కుంటుపడును. బాలికలకు ఋతుక్రమము తప్పును. ఎముకలు బీటలు వారును. ఈ కీడు బాలురకును కలదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు పురుషులను గూడ చేర్చి 2014లో దీనిని వివరించిరి.

నివారణము మన వంటయింటనే యున్నది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. పాలు, పెరుగు, పప్పు, గ్రుడ్డు దానికి తోడు కావలెను.

తల్లిదండ్రులు పందెముల పేర బిడ్డలను పస్తుంచరాదు. ఉపాధ్యాయులు పదిమంది యెదుట పిల్లల బరువును చదువుట మానవలెను. సాయంకాలపు ఆటల పిదప రాగిజావ యిప్పింపవలెను. ఋతుక్రమము తప్పిన బాలిక సిగ్గుపడక తల్లికి చెప్పి వైద్యురాలిని చూడవలెను.

దేహము దేవాలయమని ప్రార్థనలలో వినుచున్నాము. పునాదిరాళ్లు పెరికి గోపురము నెత్తువారు కలరా?