విత్తనం పడకముందే మాట్లాడుకుందాం

ఇటీవల ఒక శుక్రవారం దేవరకొండలో జుమా నమాజు ముగించుకుని బయటకు వస్తుండగా ఒక పెద్దమనిషి మమ్మల్ని పక్కకు పిలిచారు. చిన్న దుకాణం నడుపుకునే మనిషి. ఆయన కుమారుడు హైదరాబాద్‌లో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క ఇంటికి తిరిగి వచ్చాడు. మేడమీది గదిలో ఉంటున్నాడు.

"సాబ్, మావోడు గదిల నల్లగుడ్డతోని గుడారం లెక్క కట్టిండు. లోపల పెద్ద పెద్ద లైట్లు, రెండు కుండీలు, ఒక ఫ్యాను. ఏందిరా అంటే పుదీనా అన్నడు. వాని చెల్లె ఫోన్ల చూసి చెప్పింది, పుదీనా గాదు, గంజాయంట. ఇంక విత్తనం వెయ్యలేదు. గట్టిగ అడిగితే, ఒక్క మొక్కనే గద అబ్బా, నేనేమన్న అమ్ముకుంటనా అంటుండు. వానికి నేనేం జెప్పాలె?"

ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. చదువుకున్న పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రేపు తలెత్తగలదు. "ఒక్క మొక్కే కదా" అన్న మాటకు కోపం జవాబు కాదు. విషయం తెలుసుకుని చెప్పడమే జవాబు.

గంజాయి అనగానే మనకు దూరప్రాంతాలు గుర్తుకొస్తాయి. 2021 అక్టోబరులో ముఠాలను పట్టుకోవడానికి మన నల్లగొండ జిల్లా పోలీసులు విశాఖ మన్యం దాకా వెళ్ళారు. లంబసింగి దగ్గర వారిపై రాళ్ళ దాడి జరిగింది, పోలీసులు కాల్పులు జరపవలసి వచ్చింది. అదే నెలలో, గంజాయి సాగుచేసే రైతులకు రైతుబంధు నిలిపివేస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం హెచ్చరించింది. అప్పుడు మనం ఇదంతా కొండల్లో, రహదారుల్లో జరిగే వ్యవహారమనుకున్నాం. కాని మొక్కకు కొండ అక్కరలేని రోజులు వచ్చాయి. ఎండకు బదులు దీపం, గాలికి బదులు ఫ్యాను చాలంటున్నారు. 2017లో హైదరాబాద్ మణికొండలో ఒక వ్యక్తి తన ఫ్లాటులోనే దాదాపు 40 కుండీల్లో గంజాయి పెంచుతూ పోలీసులకు చిక్కాడు. 2023లో కర్ణాటకలోని శివమొగ్గలో అద్దె ఇంట్లో పెంచుతూ పట్టుబడినవారు వైద్యవిద్యార్థులు! చదువు లేక ఈ దారి పట్టారని వారిని గురించి ఎవరనగలరు?

ఆ కుర్రవాడి వాదన మరొకటి కూడా ఉందట. బయట కొంటే దొంగవ్యాపారులతో సంబంధం ఏర్పడుతుంది, ఇంట్లో పెంచుకుంటే ఎవరితోనూ పని లేదు కాబట్టి ఇదే సురక్షితమని! వినడానికి సబబుగానే ఉంటుంది. చట్టం మాత్రం సరిగ్గా దీనికి ఎదురుగా చెబుతోంది. మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో చేసిన ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 20వ సెక్షన్ ఉంది. కిలోకు మించని గంజాయి దగ్గరుంచుకుని దొరికితే అది చిన్న మోతాదు కిందికి వస్తుంది. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొక్క పెంచితే 10 ఏళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా! అక్కడ చిన్న మోతాదు, పెద్ద మోతాదు అన్న లెక్క లేదు. ఒక్క మొక్కకు మినహాయింపు రాయలేదు. మన్యంలో ఎకరం వేసిన రైతుకూ, మేడగదిలో కుండీ పెట్టిన పట్టభద్రుడికీ సెక్షను ఒక్కటే. న్యాయమూర్తి ఎంత శిక్ష వేస్తారన్నది తర్వాతి మాట, కేసు మాత్రం అదే కేసు.

"ఆకును గంజాయి అనరు, పూతనే అంటారు" అని మరికొందరు తెలివిగా వాదిస్తారు. విడి ఆకుల విషయంలో చట్టం ఇచ్చిన నిర్వచనం నిజంగానే అలా ఉంది. కాని సాగు విషయంలో చట్టం చూసేది మొక్కను. అది పూసిందా లేదా అని కాదు. ఇంకొక సంగతి. తన ఇంట్లో ఈ పని జరుగుతోందని తెలిసీ సాగనిచ్చిన యజమాని కూడా 25వ సెక్షను కింద శిక్షార్హుడే. అంటే "అబ్బాకు సంబంధం లేదు" అని కొడుకు రేపు ఎంత మొత్తుకున్నా, తెలిసి ఊరుకున్న అబ్బా కూడా అందులో ఉన్నట్టే.

"కెనడాలో, జర్మనీలో ఇంట్లోనే పెంచుకుంటున్నారు కదా?" అన్నది మరో ప్రశ్న. నిజమే. కెనడా 2018లోనూ, జర్మనీ 2024లోనూ పెద్దవారికి కొద్ది మొక్కల వరకు అనుమతించాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తొలగించినప్పుడు మన దేశం కూడా అనుకూలంగానే ఓటు వేసింది. పిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛవ్యాధికి ఈ మొక్కనుంచి తీసిన మందును అమెరికా 2018లో ఆమోదించింది. వీటిని దాచి మాట్లాడితే పిల్లలు మనల్ని నమ్మరు. కాని వైద్యుడు మోతాదు కొలిచి ఇచ్చే మందు వేరు, గదిలో తలుపు వేసుకుని పీల్చే పొగ వేరు. పైగా మన బిడ్డలు బతుకుతున్నది కెనడా చట్టం కింద కాదు. బతుకుతెరువుకు వారు వెళ్ళే గల్ఫ్ దేశాల చట్టాలు మనకన్నా కఠినమైనవి. సౌదీలో మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష దాకా ఉంది. ఇక్కడ ఒక్క కేసు నమోదైతే ఉద్యోగం, పాస్‌పోర్టు, వీసా అన్నిటికీ అది అడ్డు తగలవచ్చు.

ఆరోగ్యం మాట కూడా చెప్పుకోవాలి. మత్తు కలిగించే పదార్థం టి.హెచ్.సి.ని శాస్త్రవేత్తలు 1964లో వేరుచేసి గుర్తించారు. దీపాల కింద పెంచే రకాలను ఎక్కువగా ఆ పదార్థం కోసమే ఎంచి పెంచుతారు. ఇరవయ్యో పడిలో మెదడు ఇంకా పూర్తిగా ఎదగదు. ఆ వయసులో తరచూ, అధిక మోతాదులో వాడేవారిలో కొందరికి మతి చలించే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. అందరికీ అలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందుగా తెలియదు.

ఇక ధర్మం మాట. "ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదు కదా" అనేవారు మనలోనూ ఉన్నారు. ఇది కొత్త వాదన కాదు. సుమారు ఏడు వందల ఏళ్ళ క్రితమే ముస్లిం సమాజాల్లో హషీష్ వ్యాపించినప్పుడు కొందరు ఇదే మాట అన్నారు. 1328లో మరణించిన ఇమామ్ ఇబ్న్ తైమియా వంటి పండితులు దానిని మద్యంతో సమానంగానే ఎంచారు. ఇమామ్ జర్కషీ దాని నిషేధంపై ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. నిషేధం సీసాకో, ద్రవానికో కాదు, బుద్ధిని కమ్మేసే గుణానికి. మత్తు కలిగించేదంతా నిషిద్ధమని దైవప్రవక్త (స) బోధించారు. ఇక ఒక చిన్న గుర్తు చాలు. ఆ అబ్బాయి తండ్రితో మొదట పుదీనా అని ఎందుకు చెప్పాడు? తన మనసు ఒప్పుకున్న పని అయితే పేరు మార్చవలసిన అవసరం ఏముంది?

అయితే తల్లిదండ్రులకూ మేము ఒక మాట చెప్పాలి. కొట్టడం, నలుగురిలో పరువు తీయడం, ఇంట్లోంచి గెంటేయడం వల్ల ఆ గుడారం మరో ఊళ్ళో, మరో అద్దెగదిలో లేస్తుంది తప్ప మాయం కాదు. పరువు పోతుందని కప్పిపుచ్చడమూ అంతే చేటు. అలవాటు ముందే ఉందేమో మెల్లగా అడిగి తెలుసుకోవాలి. ఉంటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేసుకుంటే, కొద్ది మోతాదు నేరాల్లో శిక్ష తప్పే వీలు అదే చట్టంలోని 64-ఎ సెక్షను కల్పిస్తోంది. ఈ సంగతి మన బస్తీల్లో చాలామందికి తెలియదు. ఆ సెక్షను వాడినవాడి గురించి మాట్లాడుతుంది, పెంచినవాడి గురించి కాదు. అందుకే విత్తనం పడకముందే మాట్లాడుకోవాలంటున్నాం. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ సహాయ నంబరు 14446కు ఫోను చేసి సలహా అడగవచ్చు.

చివరగా ఆ తండ్రితో మేమన్న మాట ఇది. "భాయ్, మీవాడికి ఏ పనీ లేక పోయింది. తన చేత్తో ఒకటి పెంచి చూడాలన్న కోరిక మాత్రం చెడ్డది కాదు. ఆ కోరికను చంపకండి, కుండీలో వేసేదాన్ని మార్చండి." మన నల్లగొండ నేల బత్తాయికి పేరున్న నేల. రంగపూర్ నిమ్మ మొక్కకు బత్తాయి కన్ను అంటుగట్టడం నేర్చుకోవడానికి కూడా ఓపిక, శ్రద్ధ, రోజూ చూసుకునే మనసు కావాలి. ఆ గుడారం కట్టిన చేతులకు అవి ఉన్నాయి. ఆ మొక్క ఎదిగితే నల్లగుడ్డ కప్పనక్కరలేదు, చెల్లెలికి భయపడనక్కరలేదు, ఎవరడిగినా అసలు పేరే చెప్పవచ్చు.

ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ పిల్లవాడి గది తలుపు తట్టండి. సోదా చేయడానికి కాదు, పక్కన కూర్చోవడానికి.